టేబుల్ సా సామాన్లు ఎక్కడ, ఎలా పెట్టుకోవాలి?

టేబుల్ సా (బల్ల మధ్యలోంచి బ్లేడు పైకి వచ్చే కరెంటు రంపం) కొన్నవాళ్ళు మొదటి నెలలో ఏ బ్లేడు మంచిదని అడుగుతారు. ఆరో నెలకి ప్రశ్న మారుతుంది: ఈ బ్లేడ్లు, స్పానర్లు, స్లెడ్డు (చెక్కని పెట్టి బ్లేడు మీదుగా జరిపే పలక), పుష్ స్టిక్కులు (చెయ్యికి బదులు చెక్కని తోసే కర్రలు) అన్నీ ఎక్కడ పెట్టను? అప్పటికే ఒక బ్లేడుకి పన్ను విరిగి ఉంటుంది, మైటర్ గేజ్ (చెక్కని కావలసిన కోణంలో పట్టి తోసే పరికరం) మీద తుప్పు చుక్కలు కనిపిస్తుంటాయి.

ఇది ఇంట్లో 10 అంగుళాల రంపం పెట్టుకుని కారు షెడ్డులోనో, మేడ మీద గదిలోనో పని చేసుకునేవాళ్ళ కోసం. మీది 8 అంగుళాలదైతే కొలతలు తగ్గించుకోండి, పద్ధతి ఇదే. ఒక ఆదివారం పూర్తిగా, ఇంకో ఆదివారం సగం పడుతుంది.

1. ముందు ఒక అట్టపెట్టె పరీక్ష

అరలు కొనడానికి, ప్లైవుడ్ కోయడానికి తొందరపడకండి. రంపానికి సంబంధించిన ప్రతి వస్తువునీ ఒకే అట్టపెట్టెలో వేసి పక్కన పెట్టండి. బ్లేడ్లు మాత్రం వాటి కవర్లలోనే ఉంచండి, పెట్టెలో వేయొద్దు. రెండు వారాలు మామూలుగా పని చేసుకోండి. పెట్టెలోంచి తీసిన వస్తువుని మళ్ళీ పెట్టెలో వేయకుండా టేబుల్ మీద ఉంచండి.

రెండు వారాలయ్యాక మూడు కుప్పలు వాటంతటవే తయారవుతాయి.

- ప్రతి కోతకీ కావలసినవి: పుష్ స్టిక్, పుష్ బ్లాక్, కళ్ళద్దాలు, చెవుల మఫ్, మాస్క్.
- పని మారినప్పుడు కావలసినవి: బ్లేడ్లు, స్పానర్లు, ఇన్సర్ట్ ప్లేట్లు (బ్లేడు చుట్టూ టేబుల్ సందుని మూసే పలకలు), మైటర్ గేజ్, స్లెడ్, మూలమట్టం.
- నెలకోసారి కావలసినవి: టేపర్ జిగ్, టెనన్ జిగ్ (ఏటవాలుగా, అతుకుల కోసం కోసేటప్పుడు చెక్కని పట్టే అచ్చులు), డస్ట్ పైపు అడాప్టర్లు, రంపంతో వచ్చిన పుస్తకం.

మొదటి కుప్ప చేతికి అందాలి. రెండోది రెండడుగులు వేస్తే దొరకాలి. మూడోది ఎక్కడున్నా ఫర్వాలేదు, మంచం కింద పెట్టుకున్నా నేనేమీ అనను.

ఈ దశలోనే పారేయాల్సినవి పారేయండి. పన్ను ఊడిన బ్లేడు, వంకర పోయిన బ్లేడు, సగం తెగిన పుష్ స్టిక్. "ఎప్పుడైనా పనికొస్తుందేమో" అని దాచిన వంకర బ్లేడు ఏదో ఒక రాత్రి తొందరలో రంపానికి ఎక్కుతుంది.

2. చోటు గుర్తించడం

రంపం ప్లగ్గు పీకేయండి. చెక్క తోసేటప్పుడు నిలబడే చోటే నిలబడండి. కోత మధ్యలో ఉన్నట్టు ఎడమ చేత్తో ఊహలో చెక్కని పట్టుకుని, కుడి చెయ్యి చాపండి. బ్లేడు మీదుగా పోకుండా, నడుం వంచకుండా ఆ చెయ్యి ఎంత దూరం పోతుందో అదే పుష్ స్టిక్ చోటు. చాలామందికి అది ఫెన్స్ (చెక్కని ఆనించి తోసే అడ్డుపట్టీ) నడిచే ముందు పట్టాకి కుడివైపు వస్తుంది. మీది ఎడమచేతి వాటమైతే మీరే చూసి తేల్చుకోవాలి.

కొన్ని చోట్లు ఖాళీగానే ఉండాలి.

- బ్లేడుకి సరిగ్గా పైన: గోడ అర వద్దు, కొక్కెం వద్దు. అదురుకి జారి పడే మొదటి వస్తువు తిరిగే బ్లేడు మీదే పడుతుంది.
- రంపం వెనక: తెగిన చెక్క బయటికి వచ్చే దారి అది. అక్కడున్న వస్తువు కోసం బ్లేడు మీదుగా వంగాల్సి వస్తుంది.
- మోటారు గాలి రంధ్రాల దగ్గర.
- క్యాబినెట్ రంపమైతే దాని పొట్టలో: బ్లేడుని 45 డిగ్రీలకి వంచితే లోపల మోటారు కూడా కదులుతుంది. అర కట్టేముందు బ్లేడుని పూర్తిగా వంచి, పూర్తిగా పైకెత్తి చూసుకోండి.
- ఎత్తు తిప్పే చక్రం చుట్టూ: మీ పిడికిలి పట్టేంత ఖాళీ ఉంచండి.

మడత స్టాండు మీద నిలబెట్టే రంపమైతే దాని బాడీకి రంధ్రాలు కొట్టొద్దు. పక్కన చక్రాల బండి ఒకటి చేసుకోండి. నాలుగు చక్రాల్లో కనీసం రెండింటికి బ్రేకులుండాలి. బరువైనవి కింది అరలోకి పోవాలి.

3. బ్లేడ్ల పెట్టె

అన్నిటికంటే ఖరీదైనవీ, తొందరగా పాడయ్యేవీ ఇవే. పళ్ళ చివర ఉండే కార్బైడ్ ముక్క గట్టిదే, కానీ పెళుసు. రెండు బ్లేడ్లు ఒకదానికొకటి తగిలినా, ఇనప టేబుల్ మీద టంగుమని పెట్టినా అంచు చిట్లుతుంది. కంటికి కనపడదు. ఆ తర్వాత ప్లైవుడ్ పై పొర పీచులు లేస్తుంటే మనం ప్లైవుడ్‌ని తిడతాం.

*పెట్టేముందు కడగడం*

టేకు, సాల్ లాంటివి కోసిన బ్లేడు మీద జిగురు పేరుకుంటుంది. అది పట్టిన బ్లేడు వేడెక్కుతుంది, చెక్కని మాడుస్తుంది. అలాగే దాచేస్తే ఆ జిగురు కింద తేమ నిలిచి తుప్పు పడుతుంది.

1. వెడల్పు టబ్బులో గోరువెచ్చని నీళ్ళు, అంట్లు తోమే లిక్విడ్ కలిపి బ్లేడుని 10–15 నిమిషాలు ఉంచండి.
2. పాత టూత్ బ్రష్‌తో ఒక్కో పన్నూ రుద్దండి. ఇనప బ్రష్ వద్దు.
3. వెంటనే తుడవండి. మధ్య రంధ్రం, పళ్ళ మూలలు మర్చిపోవద్దు. ఎండలో పది నిమిషాలు పెట్టండి.
4. కుట్టు మిషన్ నూనె రెండు చుక్కలు గుడ్డకి రాసి బ్లేడంతా పలచగా పూయండి.

ఓవెన్ క్లీనర్, కాస్టిక్ సోడా జోలికి పోవద్దు. పళ్ళలోని కార్బైడ్‌ని పట్టి ఉంచే లోహం దెబ్బతినే ప్రమాదం ఉంది. కిరసనాయిలు జిగురుని కరిగిస్తుంది గానీ, వాసన, మంట భయం రెండూ ఉంటాయి. సబ్బు నీళ్ళతో పోయేదానికి అదెందుకు?

*పెట్టె కట్టడం*

ఆరు బ్లేడ్లకి ఒక పెట్టె, అందులో లాగితే వచ్చే ఆరు పలకలు. ఒక్కో పలక మీద ఒక్క బ్లేడు పడుకుంటుంది. గోడకి మేకు కొట్టి వేలాడదీయడం కంటే ఇదే నాకు నచ్చింది. చెయ్యి పళ్ళకి తగలదు, పొట్టు లోపలికి పోదు.

కావలసినవి:

- 18 మి.మీ. ప్లైవుడ్, 4×2 అడుగుల ముక్క
- 6 మి.మీ. ప్లైవుడ్, 4×2 అడుగుల ముక్క
- పాత మాప్ కర్ర
- ఫెవికాల్, 40 మి.మీ. స్క్రూలు, 15 మి.మీ. చిన్న స్క్రూలు
- ముందు తలుపుకి రెండు కీళ్ళు, ఒక గొళ్ళెం, తాళం

సముద్రం దగ్గర ఉండేవాళ్ళు ప్లైవుడ్ మీద ఐ.ఎస్. 710 (నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్) ముద్ర చూసి కొనండి. ఎం.డి.ఎఫ్. వద్దు, తేమకి ఉబ్బి పలకలు ఇరుక్కుంటాయి.

కోయాల్సిన కొలతలు మి.మీ.లో:

- పక్కలు (18 మి.మీ.): 180 × 300, రెండు
- పైన, కింద (18 మి.మీ.): 302 × 300, రెండు
- వెనక (6 మి.మీ.): 302 × 216, ఒకటి
- పలకలు (6 మి.మీ.): 275 × 300, ఆరు
- తలుపు (18 మి.మీ.): 302 × 216, ఒకటి

పక్క ముక్కల లోపలివైపు ఆరేసి గాళ్ళు కొట్టాలి. లోతు 5 మి.మీ., మొదటి గాడి అడుగు నుంచి 20 మి.మీ. ఎత్తులో, అక్కడి నుంచి ప్రతి 25 మి.మీ.కి ఒకటి. గాడి వెడల్పు పుస్తకం చూసి పెట్టొద్దు. 6 అని అమ్మే ప్లైవుడ్ చాలాసార్లు 6 ఉండదు. చేతిలో ఉన్న ముక్కనే పెట్టి చూసి, ఒక అర మిల్లీమీటరు వదులు ఇవ్వండి. ఒక పక్క ముక్క మీద ఫెన్స్ సెట్ చేసినప్పుడే రెండో ముక్క కూడా లాగేయండి. అప్పుడే ఎడమ, కుడి గాళ్ళు ఒకే ఎత్తులో వస్తాయి.

గాళ్ళు కొట్టడం ఇంకా అలవాటు లేదా? 5 మి.మీ. మందం, 18 మి.మీ. వెడల్పున్న పట్టీలు 7 మి.మీ. ఖాళీ వదులుతూ అతికించండి. అప్పుడు పెట్టె లోపలి వెడల్పు 266కి బదులు 276 ఉండాలి. పైన, కింద, వెనక ముక్కల్నీ, తలుపునీ 10 మి.మీ. వెడల్పుగా కోసుకోండి.

పలక మధ్యలో మాప్ కర్ర బిళ్ళ రావాలి. మందం 12 మి.మీ. ముందుగా మీ బ్లేడు రంధ్రం కొలవండి. మన దగ్గర 25.4 మి.మీ., 30 మి.మీ. రెండూ కనిపిస్తాయి, అమెరికా నుంచి తెచ్చుకున్న రంపమైతే 5 నూళ్ళు, అంటే 15.88 మి.మీ. ఉంటుంది. బిళ్ళ దానికంటే ఒక మి.మీ. సన్నగా ఉండేలా సాండ్ పేపర్ పట్టి, కింద ఫెవికాల్ రాసి, పలక అడుగు నుంచి చిన్న స్క్రూ బిగించండి. స్క్రూ తల పలకలోకి దిగిపోవాలి.

పలకల మీద స్పాంజి, వెల్వెట్ అతికించొద్దు. చూడ్డానికి నగల పెట్టెలా ఉంటుంది, వానాకాలంలో తేమంతా పీల్చి బ్లేడుకి అంటిస్తుంది. పాత న్యూస్‌పేపర్ చుట్టినా అంతే.

*పలక ముందు అంచు మీద రాయాల్సినవి*

- పళ్ళు ఎన్ని: 24 అంటే పొడవుకోత, 40 అంటే అన్నిటికీ, 60–80 అంటే ప్లైవుడ్, లామినేట్
- కోత మందం: 2.4నా, 3.2నా
- మధ్య రంధ్రం
- చివరిసారి పదును పెట్టించిన నెల

మాస్కింగ్ టేపు మీద పెన్నుతో రాస్తే చాలు. పదునుకి ఇవ్వాల్సిన బ్లేడు ఉన్న పలకకి ఎర్ర టేపు ముక్క. బ్లేడుతో వచ్చిన రంధ్రం తగ్గించే రింగు ఉంటే దాన్ని ఆ పలక బిళ్ళకే తొడిగి ఉంచండి. ఆ రింగు పోతే ఆ బ్లేడు ఇక గోడ గడియారానికే పనికొస్తుంది.

4. పుష్ స్టిక్, రివింగ్ నైఫ్, గార్డు

ఇక్కడ నా కథ చెప్పాలి. విశాఖలో మా ఇంటి వెనక షెడ్డులో సొరుగులకి అడుగు గాడి కొడుతున్నా. గార్డు (బ్లేడు మీద కప్పే మూత), దాంతో పాటు రివింగ్ నైఫ్ (బ్లేడు వెనక నిలబడి, తెగిన చెక్క మూసుకోకుండా ఆపే రేకు) కూడా తీసి, ముక్కలు వేసే బకెట్ పక్కన పెట్టా. గాళ్ళయ్యాయి, టీ తాగొచ్చా, ఒక సగం పచ్చి వేప పలకని నిలువునా కోయడం మొదలుపెట్టా. కోత సగానికి వచ్చేసరికి చెక్క మూసుకుని బ్లేడుని వెనక నుంచి నొక్కింది. పలక వచ్చి పొట్టకి తగిలింది. నీలం మచ్చ మూడు వారాలుంది. నైఫ్ సంగతి నాకు తెలియక కాదు, అది కంటికి ఎదురుగా లేదు, అంతే.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. స్విచ్‌కి సరిగ్గా పైన ఒక కొక్కెం ఉంటుంది. గార్డు గానీ, రివింగ్ నైఫ్ గానీ తీస్తే ఆ కొక్కేనికే తగిలించాలి. అది అక్కడ వేలాడుతుంటే స్విచ్ నొక్కాలంటే దాన్ని చేత్తో పక్కకి జరపాల్సిందే. ఆపడానికి నొక్కే బొత్తం మాత్రం ఎప్పుడూ దాని చాటుకి పోకుండా చూసుకోండి.

రివింగ్ నైఫ్ బ్లేడు రేకు కంటే మందంగా, కోత కంటే పలచగా ఉండాలి. మామూలుగా మందం దాని మీదే చెక్కి ఉంటుంది. మీ దగ్గర రెండు మందాల బ్లేడ్లు, రెండు నైఫ్‌లు ఉంటే, ఏ నైఫ్ ఏ బ్లేడుదో రెండింటి మీదా ఒకే రంగు చుక్క పెట్టండి.

పుష్ స్టిక్కులు 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కలతో ఒకేసారి అయిదు కోసుకోండి. వాటి పనే చెయ్యికి బదులు తెగడం. తెగితే బాధ లేకుండా పారేసేలా ఉండాలి. పిడికి పసుపో, నారింజో పెయింటు వేయండి, పొట్టులో కనిపిస్తాయి. ఒకటి ముందు పట్టా కొక్కేనికి, ఒకటి దాని పక్కన, మిగిలినవి గోడకి. పిడిలో రంధ్రం పెద్దదిగా, 20 మి.మీ. కొట్టండి, చూడకుండానే తగిలించేలా.

బ్లేడు మార్చే రెండు స్పానర్లు స్టాండు కాలికి, ఒకదాని పక్కన ఒకటి. చాలా రంపాల్లో కంపెనీవాళ్ళే చోటు ఇస్తారు. అది వాడండి. స్పానర్లు జేబులో పెట్టుకోవడం మాత్రం మానండి.

5. స్లెడ్, మైటర్ గేజ్, ఇన్సర్ట్ ప్లేట్లు

స్లెడ్‌ని గోడకి ఆనించి నిలబెట్టేవాళ్ళే ఎక్కువ. రెండు నెలలకి 12 మి.మీ. ప్లైవుడ్ అడుగు విల్లులా వంగుతుంది, ఆ తర్వాత మూలమట్టం ఎన్నిసార్లు పెట్టినా కోత 90 రాదు. దాన్ని వేలాడదీయాలి, అదీ పొడవునా పట్టుకుని.

18 మి.మీ. ప్లైవుడ్ పట్టీ ఒకటి 100 మి.మీ. వెడల్పున కోయండి. దాన్ని పొడవునా 45 డిగ్రీల వాలుతో రెండుగా చీల్చండి. ఒక సగం వాలు పైకి, గోడ వైపు ఉండేలా గోడకి బిగించండి, రెండోది వాలు కిందికి, స్లెడ్ వైపు ఉండేలా స్లెడ్ వెనక నిలువు పలకకి. రెండు వాలులూ కొరుక్కుని నిలుస్తాయి. గోడ పట్టీకి రాల్ ప్లగ్గులు కనీసం మూడు. ప్లాస్టర్‌లోకి కాదు, ఇటుకలోకి పోవాలి.

మైటర్ గేజ్‌ని కడ్డీ మీద బరువు పడకుండా తల దగ్గర పట్టి వేలాడదీయండి. ఫెదర్ బోర్డుని (చెక్కని ఫెన్స్‌కి నొక్కి పట్టే పళ్ళ పలక) దాని నాబ్‌లు, బోల్టులు బిగించే దాచండి. విడిగా డబ్బాలో వేసిన బోల్టు మళ్ళీ ఆ బోర్డుని చూడదు.

ఇన్సర్ట్ ప్లేట్లకి మాత్రం వంటింట్లో కంచాలు నిలబెట్టే స్టీలు స్టాండు తెచ్చుకోండి. ఇంతకంటే మంచిది నేను కట్టలేకపోయాను. ప్రతి ప్లేటు వెనకా అది ఏ బ్లేడుకి, ఏ కోణానికి కోసిందో రాయండి. 45 డిగ్రీల ప్లేటు పెట్టి బ్లేడు నిటారుగా తిప్పితే సన్న ముక్కలు సందులో పడి ఎగురుతాయి.

6. తుప్పుతో యుద్ధం

హైదరాబాద్, కర్నూలు వైపు ఎండాకాలంలో గోడకి తెరిచి వేలాడదీసినా గడిచిపోతుంది. కాకినాడ, విశాఖ, మచిలీపట్నంలో ఉప్పుగాలికి అది కుదరదు, మూసిన పెట్టెలే కావాలి.

- పెట్టెలో సిలికా జెల్ సంచి వేయండి. రంగు మారేది కొంటే ఎప్పుడు ఎండబెట్టాలో తెలుస్తుంది. ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర ఒకటి రెండు గంటలు పెడితే మళ్ళీ పనికొస్తుంది.
- బయటి గోడకి అంటించి అరలు కట్టొద్దు. వెనక 20 మి.మీ. పట్టీ వేసి గాలి ఆడనివ్వండి.
- పొట్టు తుడవండి. పొట్టు కింద ఇనుము రాత్రికి రాత్రే మచ్చ పడుతుంది.
- టేబుల్ పైభాగానికీ, మైటర్ గేజ్ కడ్డీకీ పేస్ట్ వ్యాక్స్ రాసి, ఆరాక గుడ్డతో గట్టిగా తుడవండి. సిలికాన్ స్ప్రే వద్దు. అది చెక్కకి అంటితే పాలిష్ గుంటలు గుంటలుగా పడుతుంది.

పనిముట్ల పెట్టెలో కర్పూరం బిళ్ళలు వేయడం చాలామందికి అలవాటు. నేను వేయను. సన్న చెక్కపొడి పక్కన ఇట్టే అంటుకునే వస్తువు ఎందుకని.

7. తరచూ జరిగే తప్పులు, సరిచేసుకోవడం

*పలకలు ఇరుక్కుంటున్నాయి.* అంచులకి సాండ్ పేపర్ పట్టి కొవ్వొత్తి రుద్దండి. అయినా కదలకపోతే పెట్టె మూలలు చదరంగా లేవు. వెనక ముక్క విప్పి, రెండు కర్ణాలూ కొలిచి సమానం చేసి మళ్ళీ బిగించండి.

*అన్నీ ఒకే సొరుగులో వేశాను, లాగడానికి రావట్లేదు.* మామూలు చెక్క సొరుగు ఇంత ఇనుము మోయదు. బరువు మోసే టెలిస్కోపిక్ ఛానెల్ వేయండి, లేదా ఒక సొరుగుని రెండు చేయండి.

*డాడో బ్లేడు సెట్ (వెడల్పు గాడిని ఒకేసారి కొట్టే బ్లేడ్ల జత) ఎక్కడ పెట్టాలి?* ముందు మీ రంపం పుస్తకంలో దానికి అనుమతి ఉందేమో చూడండి. చిన్న రంపాల ఇరుసు చాలావాటికి పొట్టి, ఆ సెట్ పట్టదు. అనుమతి ఉంటే మొత్తం సెట్, మధ్యలో వేసే పలచని రేకులతో సహా దాని సొంత పెట్టెలోనే.

*ఒక్కో వస్తువు ఆకారం గీసి బోర్డు మీద అన్నిటికీ చోటు పెట్టాను, కొత్తది కొన్నాక పట్టట్లేదు.* మొదట్లోనే బోర్డులో మూడో వంతు ఖాళీ వదలాలి. ఇప్పుడు ఆలస్యమైతే మూడో కుప్ప సామాను దించేయండి.

*పిల్లలు షెడ్డులోకి వస్తున్నారు.* బ్లేడ్ల పెట్టెకి తాళం, రంపం ప్లగ్గు పీకి ఉంచడం. రంపానికి తీసేసే స్విచ్ తాళం ఉంటే దాన్ని ఇంట్లో ఇంటి తాళాలతో పాటు తగిలించండి.

8. లైటు ఆర్పే ముందు

ఈ జాబితా కాగితం మీద రాసి తలుపు లోపలివైపు అంటించండి. అయిదు నిమిషాల పని.

- ప్లగ్గు పీకానా?
- బ్లేడు టేబుల్ కిందికి దించానా?
- రివింగ్ నైఫ్, గార్డు రంపం మీదే ఉన్నాయా? స్విచ్ పైన కొక్కెం ఖాళీగా ఉందా?
- పుష్ స్టిక్కులు రెండూ ముందు పట్టా మీద ఉన్నాయా?
- స్పానర్లు రెండూ కాలికి ఉన్నాయా?
- బ్లేడ్ల పెట్టెలో ఖాళీ పలక ఒక్కటే ఉందా? రెండు ఖాళీగా కనిపిస్తే ఒక బ్లేడు పొట్టు కింద ఎక్కడో ఉంది. చేత్తో తడమొద్దు, టార్చి వేసి వెతకండి.